పాటల టీచరమ్మ జీవితం రాయాలంటే కీర్తనల పుస్తకంతో మొదలుపెట్టండి

మన క్రైస్తవ గుళ్ళల్లో, చనిపోయినవాళ్ళ జ్ఞాపకార్థ కూడికలో చదివే జీవిత చరిత్ర ఎవరిదైనా ఒకేలా ఉంటుంది. ఫలానా సంవత్సరంలో జన్మించిరి, ఫలానా ఊళ్ళో విద్యాభ్యాసం, వివాహం, సంతానం, మనవలు, మంచి ప్రార్థనాపరురాలు, ప్రభునందు నిద్రించిరి. పేరు మార్చి పక్కింటి పెద్దమ్మకి చదివినా ఎవరూ తేడా పట్టలేరు. మా అమ్మ ఎలిమెంటరీ స్కూల్ టీచరు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి కాళ్ళు సహకరించినంత కాలం రేపల్లె వైపు ఒక లూథరన్ గుడిలో ఆర్గన్ వాయించింది. ఆమె పోయిన ఏడాదికి జరిపే కూడికకి ఆమె గురించి రాసే పని నా మీద పడ్డప్పుడు ఈ మూసలో పొయ్యబుద్ధి కాలేదు. నేను ఎలా చేశానో చెప్తాను. మీ ఇంట్లో పాటతో బతికిన మనిషి ఉంటే పనికొస్తుంది.

తేదీల జోలికి ముందే వెళ్ళకండి. ముందు ఆవిడ కీర్తనల పుస్తకం వెతకండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ప్రతి ఇంట్లో ఉంటుంది, కానీ వాయించేవాళ్ళ కాపీ వేరు. అట్ట ఊడి, తెల్ల ప్లాస్టరు అంటించి, మధ్యలో క్రిస్మస్ ప్రోగ్రాం కాగితాలు, పెళ్ళి శుభలేఖలు, మందుల చీటీలు ఉంటాయి. వాటిని దులిపేయొద్దు. ఏ పేజీలో ఏ కాగితం ఉందో ఆ పేజీతో కలిపి ఫొటో తీసి, మళ్ళీ అక్కడే పెట్టండి. పగటి వెలుతురులో, కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా తీయాలి. ఫ్లాష్ పడితే పెన్సిలు రాత మెరిసిపోయి కనిపించదు. మనకు కావలసింది ఆ చేతిరాతే, పెన్సిలుదైనా సిరాదైనా.

పాట పైన రాగం, తాళం అచ్చులోనే ఉంటాయి. పక్కన అమ్మ చేతిరాతతో 4 అనో 2½ అనో ఉంటుంది. అది చరణం నంబరు కాదు, శ్రుతి, అంటే పాట ఎంత ఎత్తులో ఎత్తుకోవాలో చెప్పే అంకె. అంకె తగ్గితే పాట కిందికి దిగుతుంది. 1 అంటే సి, 2 అంటే డి, 2½ అంటే డి తర్వాత వచ్చే నల్లమెట్టు (ఆర్గన్ మీది నల్ల కీ). అమ్మ పుస్తకంలో ఒక కీర్తన దగ్గర 4 రాసి కొట్టేసి ఉంది, కింద 2½ రాసి అదీ కొట్టేసి ఉంది, దాని కింద 1½. మూడూ మూడు రకాల సిరాలు. ఆమె వచ్చిన కొత్తలో క్వాయర్ (గుడి పాటల బృందం) నిండా పెళ్ళికాని ఆడపిల్లలు. తర్వాత వాళ్ళు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు, మిగిలిన గొంతులకు వయసు వచ్చింది, ఆమె గొంతుకీ వచ్చింది. ఎవరి పరువూ పోకుండా పాటను కిందికి దించుకుంటూ వచ్చింది. జీవిత చరిత్రలో ఒక పేరా మొత్తం నాకు ఈ మూడు అంకెల్లోంచే వచ్చింది.

భూస్థాపన పాటల దగ్గర ఇంకా ఎక్కువ దొరుకుతాయి. అమ్మ అక్కడ తేదీ, చనిపోయినవాళ్ళ ఇంటిపేరు మొదటి అక్షరం రాసుకునేది. ఒక చోట ‘3వ చరణం వద్దు, తల్లి ఉంది’ అని ఉంది. అంటే చనిపోయింది చిన్నపిల్లో, పిల్లాడో. ఆ చరణం తల్లి చెవిన పడకూడదని అక్కడ ఆపేసింది. ‘జాలిగల హృదయం’ అని రాసేకంటే ఈ ఒక్క లైను ఉన్నదున్నట్టు దించండి. కానీ ఇంటిపేర్లు మాత్రం అచ్చు వేయొద్దు. ఆ కుటుంబాలు కూడికలో మన ఎదురుగానే కూర్చుంటాయి.

ఒక జాగ్రత్త. పాటల్ని నంబరుతో మాత్రమే రాయకండి. అన్ని ముద్రణల్లో నంబర్లు ఒకటే అనుకోవద్దు. పల్లవిలో మొదటి రెండు మాటలు కూడా రాయండి.

తర్వాత వాయిద్యం సంగతి. పిల్లలకు ‘ఆర్గన్’ అంటే ఇప్పుడు కీబోర్డే. కాబట్టి మీవాళ్ళు వాయించింది ఏదో వివరంగా రాయాలి. మా గుడిలోది లెగ్ ఆర్గన్. చేతి హార్మోనియానికి ఒక చెయ్యి తిత్తి కొట్టడానికే పోతుంది. దీనికి గాలి కాళ్ళతో తొక్కుతారు, రెండు చేతులూ మెట్ల మీదే ఉంటాయి. అందుకే ఇంగ్లిషు ట్యూన్ల పాటలకు ఎడమ చేత్తో కింది స్వరాలు పలికించగలిగేది. కీర్తనలకు వచ్చేసరికి ఆ ఎడమ చెయ్యి దాదాపు ఊరుకునేది. పాతకాలపు తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలు మన రాగాల్లో కట్టినవి, వాటికి కార్డులు (ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు) పెడితే పాట ముక్కు తెగుతుందని అమ్మ అనేది. శంకరాభరణం అయితే మేజర్ స్కేలే కాబట్టి మెట్ల మీద ఇమిడిపోతుంది. ఆనందభైరవి, ముఖారి లాంటివి గమకం (స్వరాన్ని ఊపి పలకడం) మీద బతికే రాగాలు, మెట్టు నొక్కితే గమకం రాదు. అక్కడ ఆమె వాయించడం తగ్గించి పాడటం పెంచేది. మీ అమ్మగారో నాన్నగారో ఇలాంటి చోట ఏం చేసేవారో పక్కన కూర్చుని పాడినవాళ్ళని అడగండి.

అడగడం గురించి కూడా చెప్పాలి. ‘అమ్మ ఎలాంటిదండీ?’ అని అడిగితే ‘దేవతమ్మా’ అంటారు, అక్కడితో సరి. చిన్న ప్రశ్నలు వేయాలి. పాట ఎత్తుకునే ముందు ఎవరి వైపు చూసేది? తప్పు పాడితే ఏం చేసేది? ప్రసంగం పొడుగైతే? ఈ చివరి ప్రశ్నకి గంట కొట్టే తాతయ్య ఇచ్చిన జవాబు ఇది: ‘మీ అమ్మగారు పెడల్ మీద కాలు పెట్టి ఒక్కసారి తొక్కేదమ్మా. కిర్రుమనేది. అయ్యగారు ఆమెన్ అనేసేవారు.’ కూడికలో ఇది చదివినప్పుడు అందరికంటే ముందు నవ్వింది ఆ అయ్యగారే, అంటే పాస్టరుగారే.

పెద్దవాళ్ళకి సంవత్సరాలు గుర్తుండవు, సంగతులు గుర్తుంటాయి. ‘ఉప్పెన వచ్చిన ఏడు’ అంటే మా వైపు 1977, నవంబరు 19. ‘బళ్ళు మూసేసినప్పుడు’ అంటే చాలాసార్లు 1972–73 జై ఆంధ్ర ఉద్యమం. ‘ఇందిరమ్మని చంపిన రోజు’ అంటే 1984 అక్టోబరు 31. ఇలాంటివి నాలుగైదు ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకుని, ‘ఉప్పెనకి ముందా, తర్వాతా?’ అని అడగండి. ఆర్గన్ గుడికి ఎప్పుడొచ్చిందో మాకు తెలిసింది ఇలాగే.

పుట్టినరోజు విషయంలో సర్టిఫికెట్‌ని నమ్మి కూర్చోవద్దు. ఆ తరంలో బళ్ళో వేసిన రోజు మాస్టారు నోటికొచ్చిన తేదీ రాసేవారు, అందుకే ఎవరిని చూసినా జూలై ఒకటినే పుట్టారు. సర్వీస్ రిజిస్టర్‌లోనూ అదే ఉంటుంది, రిటైర్మెంటు కూడా దాని ప్రకారమే. గుడిలో బాప్తిస్మపు రిజిస్టరు చూడండి, కుటుంబ బైబిల్ మొదటి పేజీలో తాతయ్య రాసినది చూడండి. పెళ్ళి వివరాలు వివాహపు రిజిస్టర్‌లో ఉంటాయి. క్రైస్తవ వివాహ చట్టం 1872 నాటిది కాబట్టి పాత గుళ్ళల్లో ఈ రిజిస్టర్లు అమ్మమ్మల కాలానివి కూడా దొరకొచ్చు. పాస్టరుగారికి ముందుగా ఫోన్ చేసి, ఆదివారం కాకుండా మామూలు రోజు వెళ్ళండి. ఆదివారం ఆయనకి తల గోక్కునే తీరిక ఉండదు.

టీచరు ఉద్యోగం సంగతి తేలిగ్గా అయిపోతుంది: ఏ ఊళ్ళో ఎన్నేళ్ళు అనేది సర్వీస్ రిజిస్టరు చూసి మూడు వాక్యాల్లో రాసేయండి. దాని మీద రెండు పేజీలు ఎవరూ వినరు. బదులుగా ఇద్దరు శిష్యుల్ని పట్టుకోండి. పదో తరగతి బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపులు ఇప్పుడు ప్రతి ఊరికీ ఉన్నాయి, ఒక మెసేజ్ పెడితే చాలు. ‘టీచర్‌గారి గురించి రాయండి’ అని కాకుండా ‘టీచర్‌గారు నేర్పినవాటిలో ఇప్పటికీ నోటికి వచ్చేది ఒకటి వాయిస్ మెసేజ్‌లో పాడండి’ అని పెట్టండి. నాకు పదమూడో ఎక్కం పాటగా వచ్చింది. హైదరాబాద్‌లో లారీ ఆఫీసు నడుపుతున్న మనిషి, వెనక హారన్లు మోగుతుంటే పదమూడు ఏడ్లు తొంభై ఒకటి దగ్గర అమ్మ లాగినట్టే లాగి పాడాడు. మా అన్నయ్య ఆ మెసేజ్ వినలేక బయటికి వెళ్ళిపోయాడు.

క్యాసెట్లు ఉంటే వాటిని వెంటనే టేప్‌రికార్డర్‌లో పెట్టి ప్లే నొక్కొద్దు. క్యాసెట్ మీది చిన్న కిటికీలోంచి టేపు చూడండి, తెల్లగా బూజు పట్టి ఉంటే పక్కన పెట్టి ఆ పని తెలిసినవాళ్ళకి ఇవ్వండి. బాగున్నవాటికి ముందు పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరవండి, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరగదు. తర్వాత మొదటి నుంచి చివరికి ఒకసారి, వెనక్కి ఒకసారి తిప్పండి, ఏళ్ళ తరబడి అంటుకున్న పొరలు విడతాయి. ప్లేయర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ల్యాప్‌టాప్ ఆడియో ఇన్‌పుట్‌కి వైరు, ఆడాసిటీ సాఫ్ట్‌వేరు, అంతే కావలసింది. ల్యాప్‌టాప్‌కి ఆ ఇన్‌పుట్ లేకపోతే యూఎస్‌బీకి పెట్టుకునే చిన్న కన్వర్టర్ దొరుకుతుంది. 60 క్యాసెట్ అయితే ఒక్కో వైపు అరగంట, 90 అయితే ముప్పావుగంట. వింటూనే ఎక్కించాలి, తొందరపెట్టే దారి లేదు. ముందు వేవ్ ఫైలుగా దాచి, బంధువులకు పంపడానికి ఎంపీ3 చేయండి. మధ్యలో వచ్చే దగ్గులు, ‘లైట్ వెయ్యరా’ లాంటి మాటలు కత్తిరించకండి. మా క్యాసెట్‌లో కానుకల పాటకి ముందు అమ్మ గొంతు ‘ఒకటిన్నర, ఒకటిన్నర’ అని గొణగడం వినిపిస్తుంది. నా దగ్గరున్న రికార్డింగులన్నిటిలో నాకు ఇష్టమైనది అదే.

ఇక రాయడం. కూడికలో తాపీగా చదివితే నిమిషానికి వంద మాటలు కూడా సాగవు, కాబట్టి చదివేది ఏడెనిమిది వందల మాటలు దాటనివ్వకండి. మిగతాదంతా చిన్న పుస్తకంలో వేసుకోవచ్చు. ‘జన్మించిరి, నిద్రించిరి’ భాష వదిలి మీరు ఇంట్లో మాట్లాడే తెలుగులో రాయండి. చదివేవాళ్ళు గొంతు పూడుకుపోయే మనిషి కాకుండా చూసుకోండి. సొంత కూతురు చదవాలని అందరూ అంటారు, నేను ఒప్పుకోలేదు, మా మరిది చదివాడు.

ఆమె కోపం కూడా రాయాలా అని ఇంట్లో గొడవ అవుతుంది. మా ఇంట్లో అయింది. అమ్మ రిటైరైన కొన్నేళ్ళకి గుడి కమిటీవాళ్ళు రిథమ్ దానంతటదే మోగే కీబోర్డు కొన్నారు. గుడ్ ఫ్రైడే రోజున, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధనలో కూడా ఆ డ్రమ్ము మోగితే అమ్మ లేచి వెళ్ళి ప్లగ్గు పీకేసింది. పెద్దమ్మ ఇది వద్దంది, నేను కావాలన్నాను. చివరికి కమిటీ పేరు తీసేసి ప్లగ్గు ఉంచాం. చనిపోయిన మనిషి మాటకి నొచ్చుకునేవాళ్ళు బతికి ఉంటే వాళ్ళ పేరు తీయండి, సంఘటన మాత్రం ఉంచండి. కోపం తీసేస్తే ఆ మనిషి పాటని ఎంత లెక్కచేసేదో వినేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

కూడికకి పాటలు ఎంచేటప్పుడు ఆమెకి ఇష్టమైనవన్నీ పెట్టాలనిపిస్తుంది. నాలుగు చాలు. వాయించే పిల్లాడు ఎవరో ముందే కనుక్కుని, అమ్మ రాసిన శ్రుతి అతనికి చెప్పండి. ఆఖరున రాసిన అంకెనే తీసుకోండి, యవ్వనంలో రాసిన 4 తీసుకుంటే అనుపల్లవిలోనే సగంమంది చేతులెత్తేస్తారు. ముఖారి లాంటిది పెట్టాలని మనసైతే వాయిద్యం ఆపేసి బాగా పాడే పెద్దావిడ ఒకరితో ఎత్తించండి. పాత ఆర్గన్ ఇంకా మోగుతుంటే కనీసం ఒక పాట దాని మీదే వాయించమనండి. కూడికకి బాగా ముందే మూత తీసి చూడాలి. మోగని మెట్లు చాలావరకు రీడ్‌లో (స్వరం పలికే చిన్న ఇత్తడి రేకులో) దుమ్ము ఇరుక్కున్నవే, మెత్తటి బ్రష్‌తో పోతాయి. నోటితో ఊదొద్దు, ఉమ్మి తగిలితే ఇత్తడి రీడ్ పాడవుతుంది. తిత్తి గుడ్డ చిరిగితే మాత్రం హార్మోనియం రిపేరు చేసేవాళ్ళ పని.

పుస్తకం అచ్చు వేయిస్తే పేరు పక్కన ‘శ్రీమతి, కీర్తిశేషులు’ లాంటివి ఎన్ని పెట్టాలో ప్రెస్సువాళ్ళకి వదలకండి, వాళ్ళు అన్నీ పెడతారు. అట్ట మీద పాస్‌పోర్టు ఫొటో వద్దు. ఆర్గన్ దగ్గర వెనక నుంచి తీసిన ఫొటో ఉన్నా అదే మేలు. ఆడియో ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఇంకో ఊళ్ళో ఉన్న తోబుట్టువు దగ్గర ఒకటి ఉంచండి. ఒక పుస్తకం, ఒక పెన్‌డ్రైవ్ గుడి ఆఫీసు బీరువాకి ఇచ్చి, ఇచ్చినట్టు కమిటీ మినిట్స్‌లో రాయించండి. పాస్టర్లకి బదిలీలు ఉంటాయి, బీరువా తాళం చేతులు మారుతుంది, రాసి ఉంటేనే తర్వాత వచ్చిన ఆయన వెతుకుతాడు.