స్పేస్ టెలిస్కోప్ తయారుచేయాలంటే అద్దం దగ్గర మొదలుపెట్టకండి

స్పేస్ టెలిస్కోప్ అనగానే అందరూ ముందు అడిగేది అద్దం ఎంత పెద్దదని. కానీ ముందు తేల్చుకోవాల్సింది ఏ కాంతిని పట్టుకోవాలన్నది, ఎందుకంటే మిగతా లెక్కలన్నీ దాని వెనకాలే నడుస్తాయి. 1300 కోట్ల ఏళ్ల కిందట బయల్దేరిన గెలాక్సీల వెలుగు, విశ్వం వ్యాకోచించడం వల్ల సాగి సాగి మన దాకా వచ్చేసరికి కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ అయిపోతుంది. అది కావాలా? లేక బ్లాక్ హోల్ చుట్టూ సుళ్లు తిరిగే వేడి వాయువు నుంచి వచ్చే ఎక్స్‌రేలు కావాలా? రెండూ ఒకే అద్దంతో కుదరవు. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన మన స్పేస్ టెలిస్కోప్ ఆస్ట్రోశాట్‌నే చూడండి. బరువు 1,515 కిలోలే, అందులో అల్ట్రావయొలెట్ టెలిస్కోప్ అద్దం వెడల్పు 38 సెంటీమీటర్లే. కానీ భూమి వాతావరణం కిందికి రానివ్వని కాంతిని ఏరి మరీ ఎంచుకున్నారు కాబట్టి ఆ చిన్న అద్దమే పెద్ద పని చేసింది.

ఇన్‌ఫ్రారెడ్ అనుకున్నారంటే ఇక చలి గురించి ఆలోచించాలి. వెచ్చగా ఉన్న ప్రతి వస్తువూ ఇన్‌ఫ్రారెడ్ వెదజల్లుతుంది, టెలిస్కోప్ వెచ్చగా ఉంటే తన వేడే తనకు అడ్డొస్తుంది. అందుకే జేమ్స్ వెబ్ అనే ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోప్‌ను భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఎల్2 అనే చోట పెట్టారు. అక్కడ సూర్యుడు, భూమి, చంద్రుడు ముగ్గురూ ఒకే వైపు ఉంటారు, ఒక్క గొడుగు పట్టుకుంటే చాలు. ఆ గొడుగు టెన్నిస్ కోర్టంత, ఐదు పొరలు, ఒక్కో పొర వెంట్రుక కంటే సన్నం. ఒకే మందపాటి పొర ఎందుకు పెట్టలేదంటే, పొరల మధ్య ఖాళీ ఉంటే వేడి పక్కల నుంచి బయటికి జారిపోతుంది. ఎండ వైపు 85 డిగ్రీల దాకా ఉన్నా నీడ వైపు మైనస్ 233 డిగ్రీలు. అయితే అంత దూరం వెళ్లి రిపేరు చేసేవాళ్లు లేరు. హబుల్ అనే స్పేస్ టెలిస్కోప్ భూమికి దగ్గర్లోనే తిరుగుతోంది కాబట్టి వ్యోమగాములు 5 సార్లు వెళ్లి బాగుచేసి వచ్చారు. దగ్గరా, చల్లదనమా అన్నది మొదట్లోనే తేల్చుకోండి, సగం పని అయ్యాక మార్చుకోలేరు.

ఆ తర్వాత రాకెట్. వెబ్‌ను తీసుకెళ్లిన ఏరియన్ 5 రాకెట్ మూత లోపల దాదాపు నాలుగున్నర మీటర్ల చోటే ఉంది, వెబ్ అద్దం మాత్రం 6.5 మీటర్లు. అందుకని 18 ఆరుకోణాల ముక్కలుగా చేసి, తలుపు రెక్కల్లా అటు మూడు ఇటు మూడు వెనక్కి మడిచారు.

ఇప్పుడు అద్దానికి వద్దాం. వెబ్‌కి వాడింది గాజు కాదు, బెరీలియం. తేలిక, గట్టిదనం రెండూ ఉన్న లోహం, అంత చలిలోనూ పెద్దగా వంకర పోదు. పెద్దగా పోదంటే అసలు పోదని కాదు, అందుకే ముక్కను గడ్డకట్టే చలిలో పెట్టి ఎంత మారిందో కొలిచి, బయటికి తీసి దానికి విరుగుడుగా మళ్లీ సానబట్టారు, అంటే ఇక్కడ వెచ్చగా ఉన్నప్పుడు తప్పుగా ఉన్న ఆకారం అక్కడ సరిగ్గా కుదురుకుంటుంది. నాకు ఈ మొత్తం కథలో ఎంతో ఇష్టమైన పని ఇదే. ఎత్తుపల్లాలు 20 నానోమీటర్ల (నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు) స్థాయికి తెచ్చారు. అద్దాన్ని ఇచ్ఛాపురం నుంచి తడ దాకా సాగదీస్తే ఆ ఎత్తుపల్లం దాదాపు నువ్వు గింజంతే ఉంటుంది. పైన బంగారు పూత, అద్దం మొత్తానికి కలిపి 48 గ్రాములే, ఎందుకంటే ఇన్‌ఫ్రారెడ్‌ను బంగారం బాగా తిప్పి పంపుతుంది.

దయచేసి టెస్టింగ్ దగ్గర తొందరపడకండి. హబుల్ అద్దం నున్నగా, అద్భుతంగా సానబట్టిన అద్దమే, కాకపోతే తప్పు ఆకారానికి సానబట్టారు. ఆకారాన్ని కొలిచే పరికరంలో కటకం ఎంత దూరంలో ఉండాలో కాంతితో కొలవడానికి ఒక కొలకడ్డీ ఉంది, దాని చివర ఒక మూత, మూతకు నల్ల పూత. ఆ పూత కాస్త లేచిపోయింది, కాంతి కడ్డీ చివర నుంచి కాకుండా మూత మీద నుంచి తిరిగొచ్చింది, దాంతో ఆ కటకం ఉండాల్సిన చోటు నుంచి 1.3 మిల్లీమీటర్లు జరిగి కూర్చుంది. కటకం ఆ చోటుకు అందకపోతే మామూలు వాషర్లు పెట్టి సర్దారు కూడా! వేరే పరికరాలతో కొలిస్తే తేడా కనిపించింది, కానీ పెద్ద పరికరాన్నే నమ్మారు. అద్దం అంచు దగ్గర 2.2 మైక్రాన్ల (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తేడా, 1990లో పైకి పంపాక ఫొటోలన్నీ మసక. 1993 డిసెంబర్‌లో వెళ్లి సరిచేసేదాకా ఎంత టెన్షన్ పడి ఉంటారో. కాబట్టి ఒకే కొలతను రెండు వేర్వేరు పద్ధతుల్లో తీయండి, రెండూ కలవకపోతే పని ఆపేయండి.

కుదుపులకూ, రాకెట్ మోతకూ కూడా పరీక్ష పెట్టాలి. 2018లో వెబ్‌కి ఆ మోత పరీక్ష చేస్తే గొడుగు కవర్ల స్క్రూలు, వాషర్లు ఊడి కింద పడ్డాయి. ఇంకా నేల మీద ఉండగానే ఊడబట్టి సరిపోయింది. 2007లో వెళ్లాలనుకున్నది 2021 డిసెంబర్ 25న వెళ్లింది, ఖర్చు దాదాపు 1000 కోట్ల డాలర్లు. బడ్జెట్ వేసేటప్పుడు టెస్టింగ్‌కి ఏళ్లకు ఏళ్లు పక్కన పెట్టండి, ఆ ఏళ్లలో కోత పెడదామని ఎవరన్నా ఒప్పుకోకండి.

పైకి వెళ్లాక వెంటనే అందమైన ఫొటోలు రావు. వెబ్‌ను సప్తర్షి మండలంలోని హెచ్‌డీ 84406 అనే నక్షత్రం వైపు తిప్పితే, ఒక్క నక్షత్రం 18 చుక్కలుగా, చెల్లాచెదురుగా కనిపించింది, ఒక్కో అద్దం ముక్కకు ఒక్కో చుక్క. ఏ చుక్క ఏ ముక్కదో తెలుసుకోవడానికి ముక్కల్ని ఒక్కొక్కటిగా కదిపారు, తర్వాత అన్నిటినీ ఒకదాని మీదికి ఒకటి తెచ్చారు, ఆ తర్వాత 18 ముక్కలూ ఒకే అద్దంలా పనిచేసేలా నానోమీటర్ల లెక్కన జరిపారు. ఈ సర్దుబాటుకు నెలలు పట్టింది. మీ షెడ్యూల్‌లోనూ ఆ నెలలు వదలండి, ఆ చుక్కలన్నీ ఒక్కటయ్యేదాకా మొదటి ఫొటో తేదీ ఎవరికీ చెప్పకండి.