1800ల నాటి మన ముత్తాతల పేర్లు రికార్డుల్లో వెతకడం ఎలా?

ఆఫీసుల చుట్టూ తిరిగే ముందు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. తద్దినం పెట్టే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు ఏటా చెప్తారు, పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడూ మూడు తరాలు వస్తాయి, అవి ఎవరికి గుర్తున్నాయో వాళ్లు చెప్తుండగానే రాసేసుకోండి. ఊరు, ఇంటిపేరు, "మా పొలం ఫలానా చెరువు కింద ఉండేది" లాంటి మాటలు కూడా వదలొద్దు. నన్నడిగితే పేరు కంటే పొలమే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే తాత పేరు మనవడికి పెట్టడం మనకు మామూలు, ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు వెంకయ్యలు తేలితే మనవాడెవరో చెప్పగలిగేది ఆ పొలమే.

తర్వాత కాలం లెక్క. "మా తాత ధాత కరువులో పుట్టాడు" అన్నారంటే అది 1876–77. సంవత్సరం పేరు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది కదా, ప్రభవ అంటే 1807 కావచ్చు, 1867 కూడా కావచ్చు, పిల్లల వయసులతో సరిచూసుకోవాలి. పాత కాగితాల్లో ఫసలీ (భూమిశిస్తు లెక్కల సంవత్సరం) కనిపిస్తే 590 కలపండి: ఫసలీ 1270 అంటే 1860–61.

ఇప్పుడు భూమి రికార్డులు. కోస్తా, రాయలసీమ వాళ్లయితే తహసీల్దార్ ఆఫీసులో ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్, ఊళ్లోని భూములు సర్వే నంబర్లవారీగా రాసింది), ఫెయిర్ అడంగల్ (ఏ నంబరు ఎవరిదో రాసిన పాత గ్రామ రిజిస్టర్) నకళ్లు అడగండి. ఆర్‌ఎస్‌ఆర్‌లో పాత, కొత్త సర్వే నంబర్లు రెండూ ఉంటాయి గనుక ఇవాళ్టి నంబరు పట్టుకుని వెనక్కి వెళ్లొచ్చు. మీది ఇనాం భూమి (సేవకో, గుడికో శిస్తు లేకుండా లేదా తగ్గించి ఇచ్చిన భూమి) అయితే అదృష్టమే! ఇలాంటి భూముల హక్కులు విచారించడానికి మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసింది, ఆ విచారణలో తయారైన ఇనాం ఫెయిర్ రిజిస్టర్‌లో మొదట ఇనాం పొందిన మనిషి పేరు, విచారణ నాటికి అనుభవిస్తున్నవాళ్ల పేరు, వయసు, ఇద్దరికీ ఉన్న బంధుత్వం రాశారు, అంటే ఒక్క పేజీలోనే మూడు నాలుగు తరాలు దొరికే అవకాశం ఉంది. మండలంలో లేదంటే కలెక్టరేట్ రికార్డు రూములో అడగండి, అక్కడా దొరక్కపోతే చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్ ఉంది. తెలంగాణలో సేత్వార్ (నిజాం కాలం మొదటి సర్వే రికార్డు), ముంతఖబ్ (ఇనాం విచారణ తర్వాత ఇచ్చిన పత్రం) చూడాలి, నిజాం కాలం కాగితాలు చాలావరకు ఉర్దూ, ఫారసీల్లో ఉంటాయి కాబట్టి చదివేవాళ్లను వెంటపెట్టుకెళ్లండి. పాత కాగితాలు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనూ ఉన్నాయి.

ఆడవాళ్ల పేర్లు వీటిలో చాలా తక్కువ, ఇది నిజంగా బాధాకరం. పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి దస్తావేజులు, వీలునామాలు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికితే కూతుళ్లు, కోడళ్లు బయటపడతారు.

భూమి లేని కుటుంబాలు ఇక్కడితో ఆగిపోనక్కర్లేదు. గుంటూరులో లూథరన్ మిషన్ 1842 నుంచీ ఉంది, ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో ఆ ధాత కరువు తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మీవాళ్లు క్రైస్తవులైతే సంఘం పాత రిజిస్టర్లు చూపించమని పాస్టర్‌గారిని అడగండి. కూలికి దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే 1860 నుంచి 1911 దాకా ఓడల జాబితాలున్నాయి, అందులో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు రాసుంటాయి, తెలుగు పేర్లను ఇంగ్లీషు గుమస్తాలు తోచినట్టు రాశారు కాబట్టి ఒక్కో పేరునూ నాలుగైదు స్పెల్లింగులతో వెతకండి.