న్యూరోసైన్స్‌లో పోస్ట్‌డాక్: ప్రకటన కోసం ఎదురుచూడకుండా వెతకడం

పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత ఒక ల్యాబ్‌లో చేసే పరిశోధన ఉద్యోగం) సంగతి థీసిస్ ఇచ్చాక చూద్దాంలే అనుకోవద్దు. డిఫెన్స్‌కి (థీసిస్‌పై చివరి మౌఖిక పరీక్ష) కనీసం ఏడాది ముందే మొదలుపెట్టండి. ఫెలోషిప్ ఫలితాలకూ వీసాకూ నెలలు పడుతుంది. పైగా మంచి ల్యాబుల్లో చాలా ఖాళీలు ప్రకటన దాకా రావు, పీఐకి (ల్యాబ్ నడిపే శాస్త్రవేత్త) వచ్చిన ఈమెయిల్‌తోనో, సదస్సులో పోస్టర్ దగ్గర జరిగిన మాటలతోనో నిండిపోతాయి.

ముందు ఏ పద్ధతి నేర్చుకోవాలో తేల్చుకోండి. స్లైస్ ఎలక్ట్రోఫిజియాలజీలో (మెదడు ముక్కల్లోని కణాల విద్యుత్ సంకేతాలు కొలవడం) పీహెచ్‌డీ చేసినవాళ్లు మళ్లీ అదే చేసే ల్యాబ్‌కి వెళ్తే రేపు సొంత ల్యాబ్ పెట్టేటప్పుడు చూపించడానికి కొత్తదేమీ ఉండదు. టూ-ఫోటాన్ ఇమేజింగో (బతికున్న మెదడులోని కణాలను లేజర్ మైక్రోస్కోప్‌తో చూడడం), న్యూరోపిక్సెల్స్ రికార్డింగో (సన్నని ప్రోబ్‌తో ఒకేసారి వందల న్యూరాన్ల సంకేతాలు నమోదు చేయడం), కంప్యుటేషనల్ మోడలింగో ఎంచుకుని, అది బాగా చేసే పది పదిహేను ల్యాబుల జాబితా రాసుకోండి.

తర్వాత డబ్బు సంగతి చూడండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. అమెరికా ల్యాబ్ అయితే ఎన్‌ఐహెచ్ (అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) వాళ్ల రిపోర్టర్ సైట్‌లో పీఐ పేరు కొడితే గ్రాంట్ ముగింపు తేదీ కనిపిస్తుంది. ఉన్న ఒక్క గ్రాంటూ ఏడాదిలో అయిపోతుంటే, ఆపైన జీతం ఎక్కడినుంచి వస్తుందో అడగాలి. యూరప్ ల్యాబులకు కార్డిస్ (ఈయూ నిధులిచ్చిన ప్రాజెక్టుల వెబ్‌సైట్) చూడండి. ఈఆర్‌సీ (యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్) స్టార్టింగ్ గ్రాంట్ 5 ఏళ్లకు ఇస్తారు, కాబట్టి అది కొత్తగా వచ్చిన పీఐకి మనుషుల అవసరం ఇప్పుడే ఉంటుంది.

ఈమెయిల్ ఒక్కో ల్యాబ్‌కి విడిగా రాయండి, 200 పదాలు దాటనివ్వకండి. వాళ్ల ఇటీవలి పేపర్‌లో మిమ్మల్ని పట్టుకున్న ప్రశ్న, మీ ముఖ్య ఫలితం, చేతికి వచ్చిన టెక్నిక్‌లు, ఎప్పుడు చేరగలరు: ఇవి చాలు. సీవీ జతచేసి, మీకోసం సిఫారసు లేఖ రాసే ముగ్గురి పేర్లు అందులో ఇవ్వండి. ‘రెస్పెక్టెడ్ సర్’ అని అందరికీ ఒకే పాఠం పంపితే చదవకుండానే పక్కన పెట్టేస్తారు. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేసి, తర్వాతి ల్యాబ్‌కి వెళ్లండి.

‘ఈ ఫెలోషిప్‌కి కలిసి దరఖాస్తు చేద్దామా?’ అని అడిగేవాళ్లకు పీఐలు త్వరగా బదులిస్తారు. కానీ అర్హతల్లో చిక్కులున్నాయి. ఈయూ ఇచ్చే మేరీ క్యూరీ ఫెలోషిప్‌కి, దరఖాస్తు గడువు తేదీకి ముందు 36 నెలల్లో ఆతిథ్య దేశంలో 12 నెలలకు మించి ఉండకూడదు. అంటే అక్కడ చేరి ఏడాది దాటాక గుర్తొస్తే అవకాశం పోయినట్టే. ఎంబో (యూరప్ జీవశాస్త్ర సంస్థ) ఫెలోషిప్‌కి ఫస్ట్ ఆథర్ పేపర్ ఒకటైనా అంగీకారం పొంది ఉండాలి, లేదా నిపుణుల సమీక్ష పొందిన ప్రిప్రింట్ అయినా ఉండాలి. ఎన్‌ఐహెచ్ వాళ్ల ఎఫ్32 పోస్ట్‌డాక్ ఫెలోషిప్ అమెరికా పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. పోస్ట్‌డాక్ నుంచి సొంత ల్యాబ్‌కి మారడానికి ఎన్‌ఐహెచ్ ఇచ్చే కె99 గ్రాంట్‌కి మనమూ అర్హులమే, అయితే పోస్ట్‌డాక్ 4 ఏళ్లు దాటకముందే వేయాలి.

మన దేశంలోనే ఉండాలనుకుంటే మానేసర్‌లోని ఎన్‌బీఆర్‌సీ (జాతీయ మెదడు పరిశోధన కేంద్రం), బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ (జాతీయ జీవశాస్త్ర కేంద్రం), ఐఐఎస్‌సీ చూడండి. పరిశోధనకు నిధులిచ్చే ఇండియా అలయన్స్ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది, దాని ఫెలోషిప్‌లనూ గమనిస్తూ ఉండండి.

ఇంటర్వ్యూ రోజున పీఐ లేనప్పుడు ల్యాబ్ వాళ్లతో మాట్లాడండి. ఇక్కడినుంచి వెళ్లినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు, ప్రాజెక్టును వెంట తీసుకెళ్లనిచ్చారా అని అడగండి. ఆఫర్ లెటర్‌లో జీతం, కాలవ్యవధి, పొడిగింపు షరతు, వీసా రకం రాతపూర్వకంగా వచ్చాకే మిగతా ల్యాబులకు ‘రాలేను’ అని చెప్పండి.