వైమానిక మద్దతు వార్తను పరిశీలించడం ఎలా?

"మిత్రపక్ష సేనలకు మద్దతుగా విమానాలు బాంబులు వేశాయి" అన్న వార్త రాగానే ముందు బాంబు పడ్డ చోటు నుంచి ఆ సేనలు ఎంత దూరంలో ఉన్నాయో చూడండి. ఎక్కడో వెనకనున్న వంతెననో, ఆయుధ డిపోనో కొట్టడం వేరు, కాల్పులు జరుగుతున్న చోటే కొట్టడం వేరు. రెండో రకంలో నేల మీద నుంచి పైలట్‌కు లక్ష్యం చెప్పే మనిషి కీలకం. అతను లక్ష్యాన్ని కళ్లారా చూస్తున్నాడా, స్థానిక దళాలు చెప్పింది రేడియోలో అందిస్తున్నాడా? ఈ వివరం తెలిసేదాకా "గురి తప్పని దాడి" అన్న మాటను నమ్మకండి.

ఇక అక్షాంశ రేఖాంశాలు. ఎక్కువ ఓపిక చూపాల్సింది ఇక్కడే. 34 డిగ్రీల 15.30 నిమిషాలను 34 డిగ్రీల 15 నిమిషాల 30 సెకన్లుగా చదివితే 12 సెకన్ల తేడా వస్తుంది. అక్షాంశంలో సెకనుకు సుమారు 31 మీటర్లు కాబట్టి, గుర్తు దాదాపు 370 మీటర్లు పక్కకు జరుగుతుంది. అంకెలు ఏ పద్ధతిలో ఇచ్చారో తేలకపోతే రెండు రకాలుగానూ మ్యాపులో పెట్టి చూడండి.

అంకెలు సరిగ్గా పలికినా ప్రమాదం తప్పదు. 2001 డిసెంబరు 5న అఫ్గానిస్తాన్‌లోని కాందహార్‌కు ఉత్తరాన, తర్వాత ఆ దేశాధ్యక్షుడైన హమీద్ కర్జాయ్ దళాలతో ఉన్న అమెరికా బృందంలో ఒకరు జీపీఎస్ పరికరానికి బ్యాటరీ మార్చారు. మళ్లీ ఆన్ కాగానే అది తానున్న చోటునే చూపించింది. ఆ అంకెలే బీ-52 బాంబర్ విమానానికి వెళ్లాయి. 2,000 పౌండ్ల బాంబు సొంతవాళ్ల మీదే పడింది. ముగ్గురు అమెరికా సైనికులు, వారితో ఉన్న కొందరు అఫ్గాన్లు చనిపోయారు, కర్జాయ్ గాయపడ్డారు. బాంబు మాత్రం చెప్పిన చోటే పడింది! అందుకే "సాంకేతిక లోపం" అని ప్రకటన వస్తే, లోపం బాంబులోనా, దానికిచ్చిన అంకెల్లోనా అని విడదీసి అడగాలి.

ఇరుపక్షాల దగ్గరా ఒకే రకం వాహనాలుంటే అనుమానం ఇంకా పెంచుకోండి. 2011 ఏప్రిల్‌లో లిబియాలోని బ్రెగా దగ్గర నాటో విమానాలు తిరుగుబాటుదారుల ట్యాంకులనే కొట్టాయి. వాళ్ల దగ్గర ట్యాంకులున్నట్టు తమకు తెలియదని నాటో చెప్పింది.

సార్టీల సంఖ్యను దాడుల సంఖ్యగా రాయొద్దు. ఒక సార్టీ అంటే ఒక విమానం ఒకసారి వెళ్లిరావడమే. బాంబు వేయకుండా తిరిగొచ్చినా, ఇంధనం నింపే విమానమైనా లెక్కలోకి వస్తుంది.

ఫొటోలతో సరిపోల్చేటప్పుడు ఉచితంగా దొరికే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు పనికొస్తాయి గానీ, వాటిలో ఒక్కో పిక్సెల్ (చిత్రంలోని చుక్క) అంటే నేల మీద 10 మీటర్లు. కాలిన పొలం, కూలిన పెద్ద గోదాము కనిపిస్తాయి. చిన్న గుంత కనిపించదు, కనిపించలేదని దాడే జరగలేదనకండి.