ఒక్క యాప్ స్టోర్ మీదే బతుకుతున్నారా? ముందే ఈ పనులు చేసుకోండి

శ్రీకాకుళంలో ఇంట్లో కూర్చుని సొంతంగా యాప్‌లు చేసుకునేవాళ్లకి ఓ మాట. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో చూశాం కదా, మన సంపాదన కూడా అలాంటి ఒక్క తోటే.

ముందు ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ తీసి ఏ కంపెనీ నుంచి ఎంత పడిందో రాయండి. నాకైతే పది రూపాయల్లో తొమ్మిది ఒక్క యాప్ స్టోర్ నుంచే వచ్చేవి, మీ అకౌంట్ ఆపేశాం అని వాళ్ల దగ్గర్నుంచి రెండు లైన్ల మెయిల్ వచ్చేదాకా ఆ సంగతే పట్టించుకోలేదు, అప్పీల్ పెట్టేసి ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ తాగుతూ ఫోన్ రిఫ్రెష్ కొట్టుకుంటూ కూర్చోడమే పనైపోయింది.

రేట్లు కూడా మారిపోతాయి. 2023లో రెడ్డిట్ అనే చర్చల సైట్ తన ఏపీఐకి, అంటే వేరే యాప్‌లు దాని డేటా తీసుకునే దారికి, డబ్బులు అడిగింది, రెడ్డిట్ చదువుకోడానికి అపోలో అనే యాప్ చేసినాయన లెక్కేస్తే ఏడాదికి 2 కోట్ల డాలర్లు తేలింది, జూన్ 30కి మూసేశాడు. అందుకే స్టోర్ పట్టుకునే కమీషన్ 15 శాతమే అని ఊరుకోకుండా 30 అయితే ఏటవుద్దో కూడా వేసి చూడండి.

డొమైన్, అంటే మీ వెబ్‌సైట్ అడ్రస్, మీ పేరు మీదే కొనండి. కస్టమర్ల మెయిల్స్ వాళ్లనడిగే తీసుకుని మీ దగ్గర ఉంచుకోండి. స్టోర్ డాష్‌బోర్డ్‌లో సంపాదన అని కనిపించే అంకె చూసి మాత్రం ఈఎంఐ పెట్టుకోవద్దు బాబూ, బ్యాంకులో పడ్డాకే అది డబ్బు.

ఇంకో దారి కూడా చూసుకోండి, చిన్నదైనా సరే. నేను పలాసలో ఓ జీడిపప్పు మిల్లుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిచ్చాను, వచ్చేది తక్కువే, లేటైతే బండేసుకుని వెళ్లి అడుగుతా.