ముదురు బెండకాయ, రబ్బరు ముక్క: ఇంట్లోనే గ్రీటింగ్ కార్డులు చేసుకోవడం ఎలా?

చేత్తో గ్రీటింగ్ కార్డు చేయాలనుకున్నవాళ్లు ముందు వీడియోలు చూస్తారు. అందులో కనిపించే ఖరీదైన స్టాంపు సెట్లు, పంచింగ్ మిషన్లు చూసి మనకెందుకులే అనుకుంటారు. నిజానికి ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల్లో ఉండేవాళ్లు డిజైన్ కోసం అంత దూరం చూడనక్కర్లేదు. పుట్టపాకలో నేసే తేలియా రుమాల్ అనే చేనేత వస్త్రాన్నే తీసుకోండి. అందులో ఉండేవి ఎరుపు, నలుపు, తెలుపు. ఏ స్టేషనరీ షాపుకు వెళ్లినా ఆఫీసు ముద్రల కోసం అమ్మే ఎర్ర ప్యాడ్, నల్ల ప్యాడ్ దొరుకుతాయి. తెలుపు కాగితంలోనే ఉంది.

ఈ డిజైన్ కొత్తవాళ్లకు సులువు కావడానికి ఇంకో కారణం ఉంది. పోచంపల్లి, పుట్టపాక నేతలో నూలును మగ్గం ఎక్కించకముందే కట్లు కట్టి రంగులో ముంచుతారు. నేసేటప్పుడు ఆ పోగులు ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి. అందుకే పువ్వు అంచు గీత గీసినట్టు ఉండదు, కాస్త చెదిరినట్టు ఉంటుంది. మీ అచ్చు కూడా కాస్త చెదిరితే చూసేవాళ్లు అది నేత పనితనమే అనుకుంటారు.

కాగితం, మడత

250 జీఎస్ఎం (చదరపు మీటరుకు 250 గ్రాములు) మందం ఉన్న ఏ4 కార్డు షీట్లు అడగండి. మెరిసే రకం వద్దు. దాని మీద స్టాంపు ప్యాడ్ సిరా త్వరగా ఆరదు, వేలు తగిలితే అలికిపోతుంది. షీటును అడ్డంగా సగానికి కోస్తే 14.8 × 21 సెంటీమీటర్ల ముక్కలు రెండు వస్తాయి. ఒక్కో ముక్కను మళ్లీ సగానికి మడిస్తే ఒక్కో కార్డు, అంటే షీటుకు రెండు కార్డులు.

ఇంట్లో పాత పెండ్లి పత్రికల కట్ట ఉంటే అదీ మంచి సరుకే. గట్టి కాగితం, బంగారు రంగు అంచులు ఊరికే వస్తాయి. పసుపు పెట్టిన మూలలు మాత్రం కోసేయండి, ఆ మరక మీద ఏ రంగూ నిలబడదు. దేవుడి బొమ్మ ఉన్న భాగాన్ని కత్తిరించడానికి చాలామందికి చేయి రాదు. దాన్ని పక్కన పెట్టి మిగతాది వాడుకోండి.

మందపు కాగితాన్ని నేరుగా మడిస్తే మడత దగ్గర పొర పగిలి అసహ్యంగా కనిపిస్తుంది. అందుకని ముందు స్టీలు స్కేలు ఆనించి, రీఫిల్ అయిపోయిన బాల్ పెన్నుతో మడత వచ్చేచోట గట్టిగా ఒక గాడి గీయండి. గాడి గీసిన వైపు కార్డుకు బయటి వైపు కావాలి, వెనక ఉబ్బిన వైపు లోపలికి పోవాలి. ఇంత చేసినా పగుళ్లు వస్తుంటే మీరు కాగితం వాటానికి (అందులోని పీచు సాగిన దిశకు) ఎదురు మడుస్తున్నారన్నమాట. షీటును రెండు వైపులా మెల్లగా వంచి చూడండి. ఏ వైపు తేలిగ్గా వంగితే వాటం అటే, మడత కూడా అటే రావాలి.

రబ్బరు అచ్చు

పిల్లలు పెన్సిల్ రాతను తుడుచుకునే తెల్ల రబ్బరే మన అచ్చు. పెద్ద సైజు నాన్ డస్ట్ రకం తీసుకోండి. అది మెత్తగా తెగుతుంది, పొడి రాలదు.

బటర్ పేపర్ మీద మెత్తటి పెన్సిల్‌తో 2 సెంటీమీటర్ల చదరం గీసి, అందులో ఒక డైమండ్, దాని లోపల ఇంకో చిన్న డైమండ్ గీయండి. బటర్ పేపర్‌ను రబ్బరు మీద బోర్లా పెట్టి గోటితో రుద్దితే గీతలు రబ్బరు మీదికి దిగుతాయి. చదరం అంచుల వెంట రబ్బరును కోసి, పెద్ద డైమండ్ గీతను సన్నని గట్టుగా వదిలి, కట్టర్‌తో రెండు డైమండ్ల మధ్య ఉన్న భాగాన్ని రెండు మూడు మిల్లీమీటర్ల లోతున తీసేయండి. నాలుగు మూలల త్రికోణాలను అలాగే ఉంచండి, కానీ పెద్ద డైమండ్ గట్టు వెంట బయటి వైపున సన్నని గాడి తీసి దాన్ని వాటి నుంచి విడదీయండి. కాకపోతే చిన్న డైమండ్ తప్ప మిగతాదంతా ఒకటే ముద్దగా పడుతుంది, ఆకారం తెలియదు.

బ్లేడును నిట్టనిలువుగా దించకండి, గాడి లోపలికి వాలుగా పట్టండి. అప్పుడు మిగిలిన గట్టు అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉంటుంది. అడుగు సన్నబడితే నాలుగు ముద్రలు వేసేసరికి గట్టు వంగి ఊడిపోతుంది. చివర్లో డైమండ్ అంచుల మీద అక్కడక్కడా చిన్న చిన్న గాట్లు పెట్టండి. చిటికి నేతలో, అంటే పైన చెప్పిన కట్ల నేతలో, కనిపించే మెట్ల మెట్ల అంచు వాటితోనే వస్తుంది. కట్టర్ పని పెద్దవాళ్లదే, పిల్లల వంతు తర్వాత వస్తుంది.

ఈ అచ్చు కుదిరాక పక్షి, ఏనుగు, గడియారం, విమానం కూడా ప్రయత్నించవచ్చు. గడియారం, విమానమేమిటి అనుకోకండి, పాత తేలియా రుమాళ్ల మీద అవి నిజంగానే నేశారు. పిల్లల పుట్టినరోజు కార్డుకు విమానం కంటే మంచి బొమ్మ ఏముంటుంది! అక్షరాలు చెక్కాలనుకుంటే మాత్రం ఆలోచించండి. బటర్ పేపర్ పద్ధతిలో తిరగేసిన అక్షరం దానంతటదే వస్తుంది కానీ, 'శుభాకాంక్షలు'లోని క్ష దగ్గర గట్టు తెగిపోతుంది. మాటలు పెన్నుతో రాయడమే నయం.

ముద్ర వేయడం

కార్డు కింద నాలుగైదు మడతల న్యూస్‌పేపర్ పరవండి. గట్టి బల్ల మీద అచ్చు మధ్యలో ఖాళీలు వస్తాయి. మెత్త ఉంటే అంతా సమంగా అంటుతుంది. పెన్సిల్‌తో లేతగా 2 సెంటీమీటర్ల గళ్లు గీసుకుని, మధ్య గడి నుంచి మొదలుపెట్టి అంచులకు రండి. మూల నుంచి మొదలుపెడితే చివరి వరుస సగంలో తెగుతుంది.

అచ్చును ప్యాడ్ మీద అద్ది, మొదటి ముద్ర రఫ్ కాగితం మీద వేయండి. తర్వాత కార్డు మీద నిటారుగా దించి, నొక్కి, నిటారుగానే ఎత్తాలి. ఊపకూడదు. ముద్ద కట్టిన ముద్రల్లో చాలావాటికి కారణం ఒత్తిడి కాదు, సిరా ఎక్కువ కావడం. ముందు ఎరుపు మొత్తం వేసి పూర్తిగా ఆరనివ్వండి. ఆ తర్వాత పెన్సిల్ వెనక ఉండే చిన్న రబ్బరును నల్ల ప్యాడ్‌లో అద్ది, డైమండ్లు కలిసే చోటల్లా ఒక్కో చుక్క పెట్టండి. ఆ చుక్కలతోనే డిజైన్‌కు నిండుదనం వస్తుంది.

లేచి నిలబడే బతుకమ్మ

దసరా ముందు పంపే కార్డుకు ఇది బాగుంటుంది. ఇక్కడ పిల్లలకు చేతినిండా పని. ముదురు బెండకాయను తొడిమ దగ్గర అడ్డంగా కోసి, ఒక గంట ఆరబెట్టి, జిగురు తుడిచేయండి. పసుపు పోస్టర్ కలర్‌ను స్పాంజి మీద పోసి, బెండకాయను అందులో అద్ది కాగితం మీద వేస్తే ఐదు రేకుల పువ్వు పడుతుంది. తంగేడు పువ్వుకూ రేకులు ఐదే కాబట్టి వేరే బొమ్మ గీసే పని లేదు. గునుగు కోసం ఇయర్‌బడ్‌తో గులాబీ, తెలుపు చుక్కలు నిలువుగా పెట్టండి. తెలుపు కనిపించాలంటే కింద ముదురు ఆకుపచ్చ కాగితం ఉండాలి. బంతికి నారింజ రంగు క్రేప్ కాగితాన్ని సన్నని పట్టీగా కోసి, ఒక అంచున గాట్లు పెట్టి చుట్టేయండి. మరీ లావుగా చుడితే కార్డు మూసుకోదు.

ఇలా పూలు నింపిన కాగితాన్ని కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం అయ్యేలా 7 సెంటీమీటర్ల ఎత్తు బతుకమ్మగా కత్తిరించండి.

ఇప్పుడు నిలబెట్టడం. కార్డు కంటే అన్ని వైపులా 3 మిల్లీమీటర్లు తక్కువగా, కాస్త పల్చటి కాగితం ఒకటి తీసుకుని సగానికి మడవండి. మడత మధ్యభాగంలో 4 సెంటీమీటర్ల ఎడంతో, మడత నుంచి లోపలికి 2.5 సెంటీమీటర్ల పొడవున రెండు కోతలు పెట్టండి. కాగితం తెరిచి ఆ పట్టీని వేలితో లోపలికి తోస్తే చిన్న పెట్టెలా బయటికి వస్తుంది. దాని ముందు వైపు బతుకమ్మను అడుగు ఆనేలా అతికించండి. పెట్టె 2.5, బతుకమ్మ 7, మొత్తం 9.5. పెట్టిన కాగితం ఒక్కో వైపు వెడల్పు 10.2. అందుకే కార్డు మూసినప్పుడు ఏదీ బయటికి రాదు. బతుకమ్మ ఇంకా ఎత్తు కావాలంటే పెట్టె లోతు తగ్గించుకోవాలి.

చివరగా ఈ కాగితాన్ని అసలు కార్డులో అతికించండి. పెట్టె వెనక మాత్రం గమ్ తగలకూడదు. ఫెవికాల్ అయితే పాత ఏటీఎం కార్డుతో పల్చగా లాగి పూసి, లావు పుస్తకం కింద రాత్రంతా ఉంచండి. మందంగా పూస్తే కాగితం ముడతలు పడుతుంది.

కవరు, పోస్టు

రంగు ఏ4 కాగితంలోంచి 21 సెంటీమీటర్ల చదరం కోసి, మూల పైకి వచ్చేలా తిప్పి, మధ్యలో కార్డు పెట్టండి. పక్క మూలలు రెండూ లోపలికి, కింది మూల పైకి మడిచి అతికించి, పై మూలను మూతగా వదలండి. మడతలు కార్డుకు మరీ బిగుతుగా రాకూడదు. రెండు మిల్లీమీటర్ల వదులు ఉంచితే తీయడం సులువు. కవరు మీద ముద్రలు వేయాలనిపిస్తే వెనక వేయండి, ముందు వైపు అడ్రస్‌కూ పిన్ కోడ్‌కూ స్పష్టంగా చోటు ఉండాలి.

మామూలు కార్డు బరువు సుమారు 8 గ్రాములు. పోస్టులో ఉత్తరాల చార్జీ 20 గ్రాముల లెక్కన పెరుగుతుంది కాబట్టి కవరుతో కలిపినా మొదటి మెట్టులోనే ఉంటుంది. బతుకమ్మ కార్డు మాత్రం 20కి దగ్గరగా వస్తుంది, క్రేప్ పూలు ఎక్కువైతే దాటుతుంది. దాన్ని కౌంటర్‌లో తూయించి స్టాంపులు అంటించండి.

బెండకాయ సంగతి సరే, మర్నాటికి వాడిపోతుంది. రబ్బరు అచ్చులను సబ్బు నీళ్లతో తుడిచి ఆరబెట్టి కాగితంలో చుట్టి దాచండి. ప్లాస్టిక్ డబ్బాలో ఊరికే పడేస్తే కొన్నాళ్లకు రబ్బరు డబ్బాకు అంటుకుపోయి, చెక్కిన గట్లు చెడిపోతాయి.