చనిపోయినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? బైబిల్లో వెతుక్కోవడం ఎలా

మా కోనసీమలో క్రైస్తవుల ఇంట్లో ఎవరైనా పోతే సాయంత్రానికల్లా కాలువ గట్టు మీద ఫ్లెక్సీ లేస్తుంది, 'ప్రభువునందు నిద్రించారు' అని. అదే మనిషికి వీధి మొగలో ఇంకొకటి, 'మహిమ ప్రవేశం' అని, అంటే పరలోకానికి వెళ్లిపోయారని. మా చిన్నమ్మ ఆదరణ కూడికలో భోజనాల బంతిలో కూర్చున్న ఎనిమిదేళ్ల మనవడు అడిగేశాడు: "మామ్మ నిద్రపోతోందా, వెళ్లిపోయిందా?" పప్పు వడ్డిస్తున్న చెయ్యి ఆగిపోయింది. నాకూ జవాబు తట్టలేదు. తర్వాత నేను వెతుక్కున్న వరస ఇది.

1. ముందు మాటలు విడదీయండి

ఓ కాగితం మీద పాతాళం, నరకం, పరదైసు, అగ్నిగుండం అని విడివిడిగా రాసుకోండి. సగం తగువులు వీటిని కలిపేయడం వల్లే. పాతాళం అనగానే మనకి బలి చక్రవర్తి గుర్తొస్తాడు, లేదా నరకం అనుకుంటాం. బైబిల్లో అది రెండూ కాదు. హీబ్రూలో షియోల్, గ్రీకులో హేడిస్, అంటే చనిపోయినవాళ్లు చేరే చోటు. మన తెలుగు బైబిల్లో ఒకచోట పాతాళం అని, ఇంకోచోట మృతుల లోకం అని ఉంటుంది.

2. పాత నిబంధన నుంచి మొదలెట్టండి

ఆదికాండము 37:35 తీయండి. యోసేపు చచ్చిపోయాడనుకున్న యాకోబు, ఏడుస్తూ మృతుల లోకానికి నా కొడుకు దగ్గరికే పోతానంటాడు. అది నరకమే అయితే అంత భక్తుడు అక్కడికి పోతాననడు కదా. ప్రసంగి 9:10 కూడా చూడండి, అక్కడ పనీ లేదు, తెలివీ లేదు అంటాడు.

3. నరకం సంగతి

యేసు వాడిన మాట గెహెన్నా, యెరూషలేముకి దక్షిణాన ఉన్న హిన్నోము లోయ. ఆహాజు, మనష్షే రాజులు అక్కడ పిల్లల్ని అగ్నికి బలిచ్చారు. ఊరి చెత్త తగలబెట్టే చోటని మన ప్రసంగాల్లో తెగ చెబుతారు గానీ, ఆ మాట రాతలో దొరికేది క్రీ.శ. 1200 ప్రాంతపు యూదు పండితుడు డేవిడ్ కిమ్హీ దగ్గర. పిల్లల బలి కథే చాలు, చెత్త కథ అక్కర్లేదు.

4. లూకా 16 నెమ్మదిగా చదవండి

ఇక్కడ తొందరపడొద్దు. యేసు చెప్పిన ఈ సంగతిలో ఇద్దరూ చనిపోయారు: ధనవంతుడు పాతాళంలో బాధపడుతున్నాడు, అతని వాకిట్లో పడున్న బిచ్చగాడు లాజరు మూలపురుషుడు అబ్రాహాము రొమ్మున సుఖంగా ఉన్నాడు, మధ్యలో మహా అగాధం. గోదావరికి వరదొచ్చి సఖినేటిపల్లి రేవులో పంటు (జనాన్ని దాటించే పెద్ద పడవ) ఆపేస్తే ఇవతలివాళ్లు ఇవతలే, అవతలివాళ్లు అవతలే ఉండిపోయినట్టు. ఇది ఉపమానమా, నిజంగా జరిగిందా అని వాదించేవాళ్లుంటారు, వదిలేయండి. చాలామంది దాటేసేది ఒకటుంది: ధనవంతుడి ఐదుగురు అన్నదమ్ములు ఇంకా ఇంటి దగ్గర బతికే ఉన్నారు. అంటే చివరి తీర్పు ఇంకా రాలేదు. ఇప్పుడు ప్రకటన 20:14 చూడండి, చివరి తీర్పప్పుడు పాతాళాన్నే తీసుకెళ్లి అగ్నిగుండంలో, అంటే ఆఖరి శిక్ష చోట, పడేస్తారు. పాతాళం కూడా శాశ్వతం కాదన్నమాట.

5. పరదైసు, ఒక కామా

సిలువ మీద దొంగతో యేసు "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువని నిశ్చయముగా నీతో చెప్పుచున్నాను" అన్నాడు (లూకా 23:43). పరదైసంటే నీతిమంతులు సుఖంగా ఉండే చోటు. పాత గ్రీకు ప్రతుల్లో ఇప్పటిలా కామాలుండేవి కావు. అందుకే 'నేడు' అన్న మాటని 'ఉందువు'కి కాక 'చెబుతున్నాను'కి కలిపి, 'నేడు నీతో చెబుతున్నాను' అని చదవాలంటారు సెవెంత్-డే అడ్వెంటిస్టు సంఘంవాళ్లు. వాళ్ల లెక్కలో చనిపోయినవాళ్లకి పునరుత్థానం దాకా తెలివుండదు, నిద్రే. నాకైతే మామూలు చదువే సూటిగా అనిపిస్తుంది.

6. ఎవరింటికి వెళ్తున్నారో చూసుకోండి

కథోలికులకి ఉత్తరించు స్థలం (పరలోకానికి వెళ్లేముందు ఆత్మలు శుద్ధయ్యే చోటు) ఉంది, నవంబరు 2న చనిపోయినవాళ్ల కోసం పూజ చెప్పిస్తారు. లూథరన్లు, 1836లో మన దేశానికి వచ్చిన ఇంగ్లండు మిషనరీలు బౌడెన్, బీర్ నరసాపురం ప్రాంతంలో మొదలెట్టిన బ్రదరన్ సంఘాలవాళ్లు దాన్ని ఒప్పుకోరు. చివర్లో శరీరం తిరిగి లేస్తుందన్నది (1 కొరింథీ 15) మాత్రం అందరిదీ. చావింట్లో దాని దగ్గర ఆగండి, మిగతా వాదన తర్వాత చూసుకోవచ్చు.

మా వాడికి రెండ్రోజుల తర్వాత చెప్పాను, మామ్మ ప్రభువు దగ్గరుంది, నిద్రపోయేది ఒళ్లు, ఒకరోజు అదీ లేస్తుంది అని. వాడు కాసేపు ఆలోచించాడు. మా దగ్గర వానాకాలం మూడడుగులు తవ్వితే ఊట, చిన్నమ్మని దించేముందు బకెట్లతో నీళ్లు తోడారు, అది వాడు చూశాడు.

"అయితే మామ్మకి చలెయ్యదన్నమాట," అన్నాడు.